లా పరీక్షల నెల ఎలా గట్టెక్కాలి, ఖాళీ రోజులు ఎలా గడపాలి: పాలమూరు, నల్లగొండ విద్యార్థుల కోసం

మొదటి సెమిస్టరులో కాంట్రాక్ట్స్ పేపరు తప్పాను. చదవలేదా అంటే, రాత్రింబవళ్ళు చదివాను. హాల్లో మొదటి వ్యాసం ప్రశ్నకే గంటా పది నిమిషాలు పట్టింది. 'ఆఫర్' గురించి నాకు తెలిసిన ప్రతి ముక్కా అందులో పోశాను. చివరి ఇరవై మార్కుల ప్రాబ్లెమ్ ప్రశ్నలు ఇంకా చూడనేలేదు, ఇన్విజిలేటర్ వచ్చి పేపరు లాక్కున్నాడు.

నాకు కాలేజీ హైదరాబాదులో, రూము పాలమూరులో, ఇల్లు కల్వకుర్తి దగ్గర పల్లెలో. వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణాలు, డెబ్బై శాతం హాజరు నిబంధన, మధ్యలో వడ్లు కోతకొస్తే ఇంటికి పరుగు. ఇలా చదివేవాళ్ళు నల్లగొండలో, నాగర్‌కర్నూల్‌లో, గద్వాలలో చాలామందే ఉంటారు. వాళ్ళకు పనికొస్తుందని ఆ తప్పిన పేపరు తర్వాత నేను మార్చుకున్న పద్ధతిని వరసగా రాస్తున్నాను.

ముప్పై రోజుల ముందు: పేపర్ల లెక్క

పుస్తకం తెరవకముందే గత ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు సంపాదించండి. సీనియర్ల దగ్గరో, కాలేజీ పక్కన జెరాక్స్ సెంటర్లోనో దొరుకుతాయి. ఒక్కో సబ్జెక్టుకు ఒక తెల్లకాగితం తీసుకుని సిలబస్‌లోని యూనిట్లు వరసగా రాసి, ప్రతి ప్రశ్నకూ దాని యూనిట్ పక్కన ఒక గీత పెట్టండి. గంటలో అయిపోయే పని. కాంట్రాక్ట్స్‌లో మైనర్ ఒప్పందం, కన్సిడరేషన్ (మాటకు బదులుగా ఇచ్చే ప్రతిఫలం) మినహాయింపులు, నష్టపరిహారం, టార్ట్స్‌లో (పరిహారం కట్టాల్సిన సివిల్ తప్పుల పేపరు) అబ్సల్యూట్ లయబిలిటీ అనే ఏ మినహాయింపూ లేని బాధ్యత, రాజ్యాంగంలో మౌలిక స్వరూపం పక్కన గీతలు ఎలా గుంపు కడతాయో మీకే కనిపిస్తుంది. గీతలు ఎక్కువున్న చోటు నుంచి మొదలుపెట్టండి. ఒక్క గీత కూడా లేని టాపిక్‌ను వదిలేయొద్దు, చివరికి జరపండి చాలు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్ నోట్సులు పోగేయకండి. నా ఫోన్లో ఒకప్పుడు రెండు వందలకు పైగా ఉండేవి. తెరిచి చదివినవి పదిలోపే.

పాత పుస్తకంతో జాగ్రత్త

సీనియర్ ఇచ్చిన క్రిమినల్ లా పుస్తకం ముఖచిత్రం ఎంత కొత్తగా మెరుస్తున్నా, లోపల ఏ చట్టం ఉందో ముందు చూసుకోండి. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిచే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లుంటే న్యాయ సంహితలో 358. అంటే మనూళ్ళో మోసగాణ్ని తిట్టే 'ఫోర్‌ట్వంటీ' అన్న మాటకు కొత్త చట్టంలో ఆ నంబరే లేదు. మోసం ఇప్పుడు 318.

గజిబిజి ఎక్కడంటే, కొన్ని నంబర్లు అలాగే ఉండి అర్థం మారాయి. 302 అనగానే హత్య అని సినిమాలు చూసిన పిల్లాడైనా చెప్తాడు. న్యాయ సంహితలో హత్యకు శిక్ష 103. అందులోని 302 వేరే ఎవరి మతభావాలనో నొప్పించాలని కావాలని మాట్లాడటం గురించినది. 'ఊళ్ళో 144 పెట్టిండ్రు' అంటాం కదా, సీఆర్‌పీసీలోని ఆ నిషేధాజ్ఞల సెక్షన్ ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 163. కొత్త 144లో భార్యాబిడ్డల, తల్లిదండ్రుల మనోవర్తి ఉంది, అది పాత 125. ముందస్తు బెయిలు 438 నుంచి 482కు జరిగింది. పాత 482లో ఉన్న హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలేమో 528కి వెళ్ళాయి. ఈ రెండూ తారుమారు చేసి రాసినవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

పాత నంబర్లను పూర్తిగా మరిచిపోకండి కూడా. 2024 జూలైకి ముందు జరిగిన నేరాల కేసులు కోర్టుల్లో ఇంకా ఐపీసీ కిందే నడుస్తున్నాయి. జవాబులో 'న్యాయ సంహిత 103, పాత ఐపీసీ 302' అని రెండూ రాయండి. ముఖ్యమైన నలభై సెక్షన్లకు ఇలా పాత, కొత్త నంబర్లను ఒక అట్టముక్క మీద రాసి అద్దం పక్కన అతికించండి. పళ్ళు తోముకుంటూ చదవొచ్చు.

బేర్ యాక్టు చదవడం

గైడు రివిజన్‌కు పనికొస్తుంది. మొదటిసారి చదివేది మాత్రం బేర్ యాక్టే, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టపాఠమే కావాలి. కొనలేకపోతే 'ఇండియా కోడ్' వెబ్‌సైట్‌లో కేంద్ర చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకు ఒక్కో సెక్షన్ పొడుగాటి ఇంగ్లీషు వాక్యం చూస్తేనే టెన్షన్. నేను పెన్సిలుతో మూడు గీతలు గీసేదాన్ని: ఎవరికి వర్తిస్తుంది, ఏం చేస్తే, ఏమవుతుంది. 'ప్రొవైడెడ్ దట్' అనే మాట దగ్గర నిలువు గీత. అక్కడి నుంచి మినహాయింపు మొదలవుతుంది, పరీక్షలో మెలిక పెట్టేదీ అక్కడే. ఆ తర్వాత పుస్తకం మూసి, ఆ సెక్షన్‌ను మా అమ్మకు చెప్తున్నట్టు తెలుగులో ఒక్కసారి బయటికి అనుకోవాలి. అనలేకపోతే అర్థం కానట్టే, మళ్ళీ చదవాలి.

తీర్పులకు కూడా ఇదే మందు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగు అనువాదంలో ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో దొరుకుతున్నాయి. అనువాదం అక్కడక్కడా గట్టిగా తగులుతుంది కానీ కథ పట్టుకోవడానికి చాలు. ప్రతి కేసుకూ నోట్సులో నాలుగే వరుసలు: ఎవరి గొడవ, దేని మీద, కోర్టు ఏమంది, ఏ సంవత్సరం. కేశవానంద భారతి, 1973, పదమూడు మంది జడ్జీలు, ఏడు ఆరు తేడాతో తీర్పు, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించొచ్చు గానీ మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. పదిహేను మార్కుల జవాబుకు ఇది వెన్నెముక. మిగతాది మీరు కట్టే కండ.

సెక్షన్‌ను ఊళ్ళో కట్టేయండి

బట్టీ పట్టిన సెక్షన్ మూడో రోజుకు జారిపోతుంది. మీ ఊళ్ళో జరిగేదానికి ముడి వేసింది జారదు. ఈ విషయంలో మన జిల్లాల వాళ్ళం అదృష్టవంతులం, లా పుస్తకం మొత్తం మన చుట్టూ పరిచి ఉంది.

ప్రామిసరీ నోటునే తీసుకోండి. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదని చదువురాని మా తాతకూ తెలుసు. అందుకే గడువు దగ్గర పడగానే 'నోటు తిరగరాయించుకో' అంటారు. మూడేళ్ళలోపే అప్పున్నట్టు రాసి సంతకం పెడితే అది దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 18, గడువు కొత్తగా మొదలవుతుంది. మూడేళ్ళు దాటాక 'ఇస్తాను' అని రాసి సంతకం పెడితే ఆ సెక్షన్ పనిచేయదు, అప్పుడు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25లోని మూడో మినహాయింపు పనిచేస్తుంది. కాలం చెల్లిన అప్పు తీరుస్తానన్న రాతపూర్వక మాట కన్సిడరేషన్ లేకున్నా చెల్లుతుంది. ఈ తేడా నాకు పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కలేదు. మా ఊరి కిరాణా షావుకారు నోటు తిరగరాయిస్తుంటే పక్కన కూర్చున్న రోజు ఎక్కింది.

భూదాన్ పోచంపల్లి ఉమ్మడి నల్లగొండలోనే ఉండేది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని అక్కడే అన్నారు. ఇవాళ ఎవరైనా సభలో లేచి నోటిమాటగా భూమి ఇస్తే అది దానమవుతుందా? ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 తీసి చూడండి, స్థిరాస్తి దానానికి రిజిస్టరు పత్రం కావాలి. ఇక్కడి నుంచి 1965 నాటి భూదాన్, గ్రామదాన్ చట్టం ఎందుకు అవసరమైందో ఆలోచిస్తే ల్యాండ్ లాస్ పేపరు సగం తేలిపోతుంది. అదే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది, కాబట్టి మేధో సంపత్తి పేపరులో 1999 చట్టానికి ఉదాహరణ కోసం డార్జిలింగ్ టీ దాకా వెళ్ళక్కర్లేదు.

కృష్ణా నీళ్ళ పంచాయితీ రాజ్యాంగం 262వ అధికరణం. 1969లో ఏర్పాటైన బచావత్ ట్రిబ్యునల్ 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం కిందిదే, ఆ చట్టంలోని సెక్షన్ 11 నదీజలాల తగవులో కోర్టుల ప్రమేయాన్ని అడ్డుకుంటుంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్ళతో వంగిపోయిన నడుములు చూసినవాళ్ళకు 21వ అధికరణంలో మంచినీటి హక్కు ఎందుకు చేరిందో వేరే చెప్పాలా? సుభాష్ కుమార్ కేసు, 1991. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ వలస కూలీల గురించి చదవాలంటే 23వ అధికరణం, 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం, 1982 నాటి ఏషియాడ్ కూలీల తీర్పు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకున్నా అది నిర్బంధ చాకిరీయేనని అందులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రాబ్లెమ్ ప్రశ్న: ఎద్దు కథ

అందరూ భయపడేది దీనికే. నిజానికి మార్కులు తేలిగ్గా వచ్చేదీ ఇదే. ఒకటి చేసి చూద్దాం.

రాములు ఎద్దు తప్పిపోయింది. వెతకమని జీతగాణ్ని పంపాడు. వాడు వెళ్ళాక, ఎద్దును తెచ్చినవాళ్ళకు ఐదు వేలిస్తానని ఊళ్ళో చాటింపు వేయించాడు. ఆ సంగతి తెలియని జీతగాడు జడ్చర్ల సంతలో ఎద్దును గుర్తుపట్టి తోలుకొచ్చాడు. తర్వాత చాటింపు విషయం తెలిసి ఐదు వేలు అడిగాడు. రాములు ఇవ్వాలా?

ముందు తీర్పు చెప్పేయకండి. మొదటి రెండు వరుసల్లో అసలు ప్రశ్న రాయండి: ఆఫర్ సంగతి తెలియకుండా చేసిన పని అంగీకారం అవుతుందా? ఆ తర్వాత చట్టం: కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 4 ప్రకారం ఆఫర్ అవతలివాడికి తెలిసినప్పుడే అది చేరినట్టు. ఆ తర్వాత కేసు: లాల్‌మన్ శుక్లా వర్సెస్ గౌరీదత్, 1913, అలహాబాద్ హైకోర్టు. అక్కడ తప్పిపోయింది యజమాని మేనల్లుడు, వెతకబోయింది గుమాస్తా, బహుమతి 501 రూపాయలు. తెలియని ఆఫర్‌కు అంగీకారం ఉండదు, పైగా వెతకడం అతని ఉద్యోగంలో భాగమే అని దావా కొట్టేశారు. ఇప్పుడు ఎద్దు దగ్గరికి రండి. చాటింపు వేసేసరికి జీతగాడు ఊళ్ళో లేడు, సంతలో ఎద్దును పట్టుకునేనాటికి అతనికి ఆఫర్ తెలియదు, వెతకడం అప్పటికే అతని పని. చివరగా ఒకే వాక్యం: ఐదు వేలు అడిగే హక్కు లేదు.

నా మనసుకు మాత్రం రాములు ఇవ్వాలనే అనిపిస్తుంది. ఆ మాట జవాబు పత్రంలో రాయకండి.

చాలామంది ప్రశ్నలో ఉన్న కథనే తిరిగి అరపేజీ రాసి, ఒక కేసు పేరు తగిలించి, 'కాబట్టి చెల్లదు' అని ముగిస్తారు. మార్కులు ఉండేది మధ్యలో. చట్టాన్ని ఈ కథలోని మనుషులకు ముడిపెట్టే నాలుగు వరుసల్లో. రోజుకొక ప్రాబ్లెమ్ ఇలా చేత్తో రాస్తే నెల తిరిగేసరికి భయం పోతుంది.

నిమిషాల లెక్క

ఉస్మానియా పద్ధతి పేపరు 80 మార్కులకు, మూడు గంటలు. ఆరు మార్కుల చిన్న ప్రశ్నలు ఐదు, పదిహేను మార్కుల వ్యాసాలు రెండు, పది మార్కుల ప్రాబ్లెమ్‌లు రెండు. మీ యూనివర్సిటీది వేరైతే లెక్క మార్చుకోండి. చిన్నదానికి 12 నిమిషాలు, వ్యాసానికి 32, ప్రాబ్లెమ్‌కు 20. మొత్తం 164. మిగిలిన పదహారు ప్రశ్నలు చదవడానికి, చివర్లో నంబర్లు సరిచూసుకోవడానికి. నేను ప్రాబ్లెమ్‌లతో మొదలుపెట్టేదాన్ని, మొదటిసారి తిన్న దెబ్బ అలాంటిది. టైము అయిపోతే జవాబు సగంలో ఆపి అరపేజీ ఖాళీ వదిలి ముందుకెళ్ళాలి. ఒక జవాబును ఎంత దిద్దినా పెరిగేది ఒకటో రెండో మార్కులు, మొదలే పెట్టని జవాబుకు సున్నా.

పరీక్షకు ముందు కనీసం మూడు పూర్తి పేపర్లు ఇంట్లో గడియారం పెట్టుకుని రాయాలి. ఫోన్లో టైపు చేసే అలవాటుకు మన వేళ్ళు మూడు గంటలు పెన్ను పట్టడం మరిచిపోయాయి. మొదటి పేపరుకు బొటనవేలు మంటపుడుతుంది, మూడోదానికి సర్దుకుంటుంది.

తిండి, నిద్ర

ఎండాకాలం పరీక్షలైతే పాలమూరు రేకుల రూములో మధ్యాహ్నం చదువు సాగదు. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి తొమ్మిది దాకా చదివి, ఎండ ముదిరే వేళకు జిల్లా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. అక్కడ గ్రూప్స్‌కు చదివేవాళ్ళు పొద్దున్నే కుర్చీలు పట్టేస్తారు, తొందరగా వెళ్ళాలి. రాత్రి జొన్నరొట్టె, పుంటికూర తిని పదింటికి పడక. రాత్రంతా చదివి హాల్లో కునికేవాళ్ళను ప్రతి సెమిస్టరులో చూశాను. మా ఓనరమ్మ రాత్రి పదకొండు దాటి లైటు కనిపిస్తే తలుపు కొట్టేది: "బిడ్డా, కరెంటు బిల్లు సంగతి తర్వాత, నీ కండ్లు ఖరాబైతయ్. పండుకో."

పేపరుకు పేపరుకు మధ్య

రాసొచ్చిన పేపరు గురించి సెంటరు బయట నిలబడి చర్చ పెట్టకండి. ఆ సాయంత్రం పుస్తకం ముట్టకండి. నల్లగొండలో ఉంటే పానగల్లు వెళ్ళి ఛాయా సోమేశ్వరాలయంలో కూర్చోండి. గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడుతుంది. ఏ స్తంభానిదో కనిపెట్టడానికి బుర్ర పెడితే పొద్దున్నటి పేపరు గుర్తుకు రాదు. పాలమూరు వాళ్ళకు పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ మర్రికి 2018లో చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. దాన్ని చూస్తూ అరగంట కూర్చుంటే చాలు, రెండో రోజుకు మళ్ళీ చదవాలనిపిస్తుంది.

నాలుగైదు రోజుల గ్యాప్ వస్తే ఒక పూట జిల్లా కోర్టుకు వెళ్ళండి. కోర్టు విచారణ బహిరంగంగా జరగాలని చట్టమే చెప్తోంది, నాగరిక సురక్షా సంహితలో అది సెక్షన్ 366. అత్యాచారం కేసుల వంటివి తప్ప ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని చూడొచ్చు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, జడ్జి లోపలికొస్తే లేచి నిలబడండి. ఒక సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ చూస్తే ఎవిడెన్స్ పేపరులో లీడింగ్ ప్రశ్నల (జవాబును తామే అందించే ప్రశ్నల) చాప్టరు చదవక్కర్లేనంత గుర్తుంటుంది. నేను చూసిన మొదటి రోజు మాత్రం పదింటికి వెళితే పన్నెండింటి దాకా వాయిదాలే వినిపించాయి. అదీ తెలుసుకోవాల్సిందే.

అన్నీ అయిపోయాక

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ళ కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ళ కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. సెలవుల్లో సగం దీనికి పెట్టండి. మిగతా సగం తిరగండి. మన్ననూరు మీదుగా ఫరహాబాద్ వ్యూ పాయింట్, కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డు, ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు. నలుగురు కలిస్తే ఖర్చు పెద్దగా కాదు. ఈ ప్రయాణాల్లో లా పుస్తకం సంచిలో పెట్టుకోకండి, ఎవరూ తెరవరు.

ఇంటికెళ్ళాక ఇంకొకటి తప్పదు, సిద్ధంగా ఉండండి. మీరు లా చదువుతున్నారని తెలిసిన ప్రతివాళ్ళూ భూమి కాగితాలు తెస్తారు. పోయిన ఎండాకాలం మా వరస పెద్దనాయన ప్లాస్టిక్ సంచి నిండా పహాణీలు, పాత పాస్‌పుస్తకాలు పట్టుకొచ్చాడు. "నువ్వు వకీలువైతున్నవ్ గదా బిడ్డా, జర చూడు, మా తమ్ముడు నా భాగం దున్నుకుంటుండు."

అక్కడికక్కడే సలహా ఇచ్చేయాలనిపిస్తుంది. ఆగండి. ఎన్‌రోల్ అయ్యేదాకా వకాలతు చేసే హక్కు మనకు లేదు, తప్పు మాట చెప్తే నష్టపోయేది ఆయన. కాగితాలను తేదీల వరసలో పేర్చిపెట్టండి, దున్నడం ఎప్పుడు మొదలైందో అడిగి రాసుకోండి, మూడు సెట్లు జెరాక్స్ తీయించండి. ఆ తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్ళండి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి చూస్తారు. ఫోన్ చేయాలంటే 15100.

పెద్దనాయనను నేనే తీసుకెళ్ళాను. బస్సులో దారి పొడుగునా పంపకాల కథ చెప్పాడు: తెల్లకాగితం మీద రాసుకున్న భాగాలు, సంతకం పెట్టి ఇప్పుడు కాదంటున్న సాక్షి, గట్టు జరిగిన రాత్రి. ఇంటికొచ్చి పేర్లు మార్చి నోట్సులో ప్రాబ్లెమ్ ప్రశ్నగా రాసుకున్నాను. జవాబు రాయడానికి ఇరవై నిమిషాలు సరిపోలేదు.